రాచకొండ రాజు - సప్తస్వరాల కొలత

నల్లగొండ సీమలోని రాచకొండ దుర్గమును ఏలిన రేచర్ల పద్మనాయక ప్రభువులలో సర్వజ్ఞ సింగభూపాలుడు ప్రసిద్ధుడు. 2016 నుండి ఈ దుర్గము యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఆ రాజు సంగీతశాస్త్రవేత్త కూడా. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆస్థానమున శార్ఙ్గదేవుడు రచించిన ‘సంగీతరత్నాకరము’నకు, 14వ శతాబ్ది చివరి భాగమున సింగభూపాలుడు ‘సంగీతసుధాకరము’ అను వ్యాఖ్యను కూర్చెను.

ఒక షడ్జమునకు పై షడ్జమునకు నడుమ ఏడు స్వరములను ఎక్కడెక్కడ నిలుపవలెను? ఆ దూరమునందు 22 శ్రుతులు కలవని పూర్వులు చెప్పిరి. అందు స, మ, ప లకు నాలుగేసి, రి, ధ లకు మూడేసి, గ, ని లకు రెండేసి శ్రుతులు. ఈ సంఖ్య ఆ స్వరమునకు దాని క్రింది స్వరము నుండి గల దూరమును తెలుపును.

దీనికి నిదర్శనముగా రత్నాకరము ఒక పరీక్షను చెప్పినది. 22 తంత్రుల వీణలు రెండింటిని ఒకే విధముగా శ్రుతి చేయవలెను. ఒకటి ధ్రువవీణ, దానిని కదల్చరాదు. రెండవది చలవీణ, దాని తంత్రులన్నిటిని ఒక్కొక్క శ్రుతి చొప్పున నాలుగు మారులు దింపవలెను. మొదటి మారు ఏ స్వరమును మరొక స్వరముతో కలియదు. రెండవ మారు చలవీణ గ, ని లు ధ్రువవీణ రి, ధ లతో ఏకమగును. మూడవ మారు రి, ధ లు స, ప లతో కలియును. నాలుగవ మారు స, మ, ప లు ని, గ, మ లతో కలియును. ఇట్లు రెండు రెండులు, రెండు మూడులు, మూడు నాలుగులు కూడగా 22 అగును.

ఈ పరీక్ష శ్రుతుల కంపనసంఖ్యను చెప్పదు. 22 అను లెక్కను ముందుగానే అంగీకరించి మొదలగును. అయినను చెప్పిన విభజన తనలో తాను పొసగుచున్నదా అనుటను చెవియే సాక్షిగా తేల్చును. పరికరములు లేని కాలమున అది చిన్న విషయము కాదు.

ఇక ఇదే వరుసను షడ్జము నుండి కాక నిషాదము నుండి ఆరంభించినచో ‘రజని’ అను మూర్ఛన ఏర్పడును. దాని అంతరములు 4, 3, 2, 4, 4, 3, 2. నాలుగును, మూడును పెద్ద మెట్లనియు, రెండు చిన్న మెట్టనియు అనుకొన్నచో పెద్ద, పెద్ద, చిన్న, పెద్ద, పెద్ద, పెద్ద, చిన్న అను క్రమము వచ్చును. పాశ్చాత్యులు మేజర్ స్కేలు అనునదియు, మన 29వ మేళకర్తయైన ధీరశంకరాభరణమును ఈ క్రమమున నిర్మింపబడినవే.

హార్మోనియముపై ఒక స్థాయిలో 12 మెట్లు కలవు. సమవిభాగ పద్ధతిలో ప్రతి మెట్టు కంపనసంఖ్యయు క్రిందిదానికి సుమారు 1.0595 రెట్లుండును. పెద్ద అంతరమునకు రెండు, చిన్నదానికి ఒకటి చొప్పున ఏ మెట్టు నుండి లెక్కించినను 2, 2, 1, 2, 2, 2, 1 వరుసలో శంకరాభరణమే పలుకును. నాలుగు శ్రుతుల అంతరమునకు మూడు శ్రుతుల అంతరమునకు గల సూక్ష్మభేదము మాత్రము ఈ పద్ధతిలో చెరిగిపోవును. రాచకొండ వ్యాఖ్యాత వివరింపబూనిన శాస్త్రము ఆ భేదమును కూడ లెక్కలోనికి తీసికొన్నది.