షజరాలో లేని పేర్లు

హైదరాబాదు నగరానికి తూర్పున ఉప్పల్, నాచారం ప్రాంతాలను దాటి పైకి సాగితే ఏఎస్ రావు నగర్ వస్తుంది. 1967లో నెలకొల్పబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు తొలి సారథి అయిన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు గారి పేరిట వెలసిన కాలనీ ఇది. ఉద్యోగాల కోసం జిల్లాల నుండి వచ్చిన కుటుంబాలెన్నో ఇక్కడా, చుట్టుప్రక్కల కుషాయిగూడ, మల్లాపూర్‌లలోనూ స్థిరపడ్డాయి. ఇక్కడికి మౌలాలి గుట్ట దూరం కాదు. ఆ గుట్ట పాదం చెంత ఒక సమాధి మందిరం కలదు. నిజాం దర్బారులో ఖ్యాతి గడించిన కవయిత్రి, గాయని మహ్‌లఖా బాయి చందా తన తల్లి రాజ్ కన్వర్ బాయి కోసం 1792లో దానిని కట్టించింది. 1824లో ఆమె మరణించగా తల్లి ప్రక్కనే ఖననం చేశారు. ఆమె దర్బారీ జీవితాన్ని మెచ్చనివారు కూడ ఒక్క సంగతి ఒప్పుకోక తప్పదు. తల్లి పేరు రెండు శతాబ్దాలకు పైగా నిలిచి ఉన్నదంటే కుమార్తె దానిని నిలపదలచుకున్నది, నిలపగల స్తోమతు ఆమెకు ఉన్నది. స్తోమతు లేని ఇండ్లలోని తల్లుల మాట ఏమిటి?

ఇస్లామీయ చరిత్రకారులు ఈ పనిని కలంతో చేశారు. హిజ్రీ 230లో కాలధర్మం చెందిన ఇబ్నె సాద్ తన ‘తబఖాత్’లో చివరి భాగాన్ని స్త్రీల కొరకే కేటాయించారు. హిజ్రీ తొమ్మిదవ శతాబ్దపు వారి చరిత్ర వ్రాసిన ఇమాం సఖావీ పన్నెండవ సంపుటం మొత్తాన్ని స్త్రీలకే ఇచ్చారు. అందులో 1,075 మంది ఉన్నారు. వీరందరూ మహావిదుషీమణులు అనుకోరాదు. ఎవరి కుమార్తె, ఎవరిని వివాహమాడింది, విడాకులు ఎప్పుడు జరిగాయి, ఎందరు బిడ్డలు పుట్టారు, ఎందరు పోయారు అన్న ఇంటి ముచ్చట్లే చాలా చోట్ల కానవస్తాయి. పెద్ద గ్రంథాలలో ఇటువంటివి ఎందుకని నేటి పాఠకునికి తోచవచ్చు. ఆ పండితునికి మాత్రం అది వ్రాయదగిన విషయమే.

సఖావీ గురువు హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ ఉదాహరణ ఇంకా హృద్యమైనది. సహీహ్ బుఖారీకి ‘ఫత్‌హుల్ బారీ’ వంటి వ్యాఖ్యానం రచించిన ఈ మహనీయుడు పసితనంలోనే తల్లిని కోల్పోయారు. నాలుగేళ్ళ వయస్సులో తండ్రి కూడ గతించారు. మిగిలినది మూడేళ్ళ పెద్దదైన అక్క. ఆమె పేరు సిత్తుర్రక్బ్, అనగా ‘బిడారపు దొరసాని’. హజ్ ప్రయాణపు దారిలో పుట్టినందున ఆ పేరు వచ్చింది. ఆమె చదవను వ్రాయను నేర్చినది, మిక్కిలి చురుకైనది. హిజ్రీ 798లో ఇరవై ఎనిమిదేళ్ళకే మరణించింది. ఆ యేటి సంఘటనలు వ్రాస్తూ ఇబ్నె హజర్ సుల్తానుల, ఖాజీల మరణవార్తల సరసనే తన అక్కను కూడ చేర్చి, తల్లి పోయిన తరువాత తనకు తల్లి ఆమేనని తెలిపారు. హదీసు శాస్త్రంలో ఒక్కొక్క ఉల్లేఖకుని నిగ్గు తేల్చిన కలం అది. ఇంటి మనిషి కదా అని ఆమెను వదిలిపెట్టలేదు.

ఆ గ్రంథం ‘ఇంబాఉల్ గుమ్ర్’. దానిని తొమ్మిది సంపుటాలుగా 1967 నుండి 1976 వరకు ముద్రించినది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్. 1888లో స్థాపితమైన ఆ సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్నది. ఏఎస్ రావు నగర్ నుండి తార్నాక వైపు బస్సెక్కితే చాలు. ఇ.సి.ఐ.ఎల్. వెలసిన సంవత్సరమే ఈ ముద్రణ కూడ మొదలవడం కేవలం కాకతాళీయం. కాని కైరో నగరపు ఒక అక్క వృత్తాంతం హైదరాబాదు అచ్చు ద్వారా లోకానికి చేరిందన్న సంగతి మన ఇండ్లలో ఎందరికి తెలుసు?

ఇక దక్కను వైపు చూద్దాము. బీజాపూరు సూఫీల దక్కనీ రచనలలో ‘చక్కీ నామా’, ‘చర్ఖా నామా’, ‘లోరీ నామా’ అనేవి ఉన్నాయి. తిరగలి త్రిప్పేటప్పుడు, రాట్నం వడికేటప్పుడు, ఉయ్యాల ఊపేటప్పుడు పాడుకొనే పాటలు ఇవి. 16, 17 శతాబ్దాలలో ఇవి విరివిగా వెలువడ్డాయి. తిరగలి పిడిని అలిఫ్ అక్షరంతో పోల్చి దైవనామం స్మరింపజేస్తాయి. రాట్నపు దారాన్ని ఎడతెగని జిక్ర్‌గా చూపిస్తాయి. ఆ పోలికలలో కొన్నింటిని ధర్మపండితులు అంగీకరింపకపోవచ్చు. ఆ చర్చ వేరు. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 1970 దశకంలో ఈ పాటలను పరిశీలించి, దక్కను పల్లెలలో ఇస్లాం ఇండ్లలోకి ప్రవేశించిన త్రోవలలో ఇది ముఖ్యమైనదని అభిప్రాయపడ్డారు. ఫారసీలో వ్రాసిన సూఫీ గ్రంథాలు సామాన్యులకు అందేవి కావు. పిండి విసరుతూ తల్లి పాడినది మాత్రం ఒడిలోని బిడ్డ చెవిని పడేది. మౌల్వీ సాహెబు ఎదుట కూర్చునే వయస్సు రాకముందే ఆ బిడ్డకు అల్లాహ్ నామమూ, ప్రవక్త (స) నామమూ తెలిసిపోయేవి.

పాటలు కట్టినవారిలో కొందరు సూఫీల పేర్లు మనకు తెలుసు. పాడి, బిడ్డలకు అందించినవారి పేర్లు తెలియవు. హదీసును చెప్పిన ప్రతి నోటి పేరూ అడిగిన సమాజం, తన ఇంటికి కలిమాను తెచ్చిన నోరు ఎవరిదని అడగడం మరచిపోయింది.

తెలుగు జిల్లాలలో సంగతి కూడ ఇంతే. ప్రత్తి ఏకే దూదేకుల వారి ఇండ్లలో తల్లి భాష తెలుగే. అక్కడ బిస్మిల్లాహ్‌కు అర్థం బిడ్డకు తెలుగులోనే తెలిసేది. చెప్పినది ఏ హుస్సేనమ్మో, ఏ మస్తాన్‌బీయో. ఒక పరాయి భాషలోని మాటను ఇంటి మాటలోకి మార్చడం ఎంత కష్టమో అనువాదం చేసినవారికి తెలుసు. అక్షరం రాని జేజమ్మలు ఆ పనిని వంటింట్లోనే చేశారు. ఐనా ఆ కుటుంబాల షజరా విప్పి చూడండి: తండ్రి, తాత, ముత్తాత పేర్లు వరుసగా ఉంటాయి, స్త్రీ చోట పేరే ఉండదు, లేదా ‘ఫలానా వారి కుమార్తె’ అని మాత్రం ఉంటుంది. నాయనమ్మ అసలు పేరేమిటని అడిగితే తడుముకొనే మనుమలు ప్రతి బస్తీలోనూ ఉన్నారు.

పేరుతోపాటు పోయేది జ్ఞాపకం కూడ. 1948 సెప్టెంబరు సైనిక చర్య సమయంలోనూ, ఆ తరువాతా హైదరాబాదు రాష్ట్రంలో జరిగిన హత్యలపై పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ విచారణ జరిపారు. మృతులు 27 వేల నుండి 40 వేల వరకు ఉండవచ్చునని వారి అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నష్టపోయాయి. ఆ నివేదికను ప్రభుత్వం చిరకాలం ప్రకటింపలేదు. అది 2013లో ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చదువరులకు అందుబాటులోకి వచ్చింది. మధ్యనున్న అరవై అయిదేళ్ళూ ఆ సంగతులు నిలిచినది వితంతువుల నోళ్ళలో. ఎవరి ఇంటి మగవారు తిరిగి రాలేదో, ఏ బావి దగ్గర ఎవరు దాగారో, కుట్టుపనితో, కూలితో పిల్లలు ఎట్లా పెరిగారో వారికే తెలుసు. 1948లో ఇరవై ఏళ్ళ కోడలుగా ఉన్న స్త్రీకి నివేదిక వెలుగు చూచిన నాటికి ఎనభై అయిదేళ్ళు. అంతకాలం బ్రతికినవారు కొద్దిమంది. వారిని కూర్చోబెట్టి అడిగి, ఒక నోటుపుస్తకంలో పేరుతో సహా వ్రాసుకున్న మనుమలు అంతకన్న కొద్దిమంది.