మార్చిన మోకాలు: మంచానికీ నడకకూ మధ్య సాగిన వాదం

మోకాలు మార్పించుకొని ఇంటికి వచ్చినవారికి మొదటి వారంలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. కోత ఇంకా పచ్చిగా ఉన్నది, కదలక పడుకోమని ఇంటివారంటారు. లేచి నడవమనీ, రోజుకు ఇన్నిసార్లు కాలు వంచమనీ, చాచమనీ ఆసుపత్రివారిచ్చిన కాగితం చెబుతుంది. వాపు, మంట, నిద్రలేమి మూడూ ఇంటివారి పక్షాన సాక్ష్యమిస్తాయి. ఈ వివాదం మన ఇళ్ళలో పుట్టినది కాదు. వైద్యులే దీనిపై నూరేండ్లకు పైగా తర్కించుకొన్నారు. తీర్పు వచ్చి ఎంతో కాలం కాలేదు. కృత్రిమ కీలు ఎట్లా పుట్టిందో చెప్పే చరిత్రలు చాలా ఉన్నవి. ఆ కీలు అమర్చిన తరువాత రోగి గడిపే ఆరు వారాలకూ ఒక చరిత్ర ఉన్నది.

విశ్రాంతి పక్షానికి పెద్ద దిక్కు హ్యూ ఓవెన్ థామస్ (1834–1891). ఆయన లివర్‌పూల్ నగరంలో వైద్యం చేసేవాడు. వేల్సు దేశానికి చేరిన ఆంగ్లెసీ ద్వీపంలో తరతరాలుగా విరిగిన ఎముకలు కట్టే కుటుంబం ఆయనది. పుత్తూరు కట్టు ఎరిగిన మనకు అటువంటి కుటుంబాన్ని గురించి వేరే చెప్పనక్కరలేదు. తండ్రికి పట్టా లేదు; కొడుకులను మాత్రం వైద్య కళాశాలలకు పంపాడు. థామస్ 1875లో తుంటి, మోకాలు, చీలమండ కీళ్ళ జబ్బులపై ఒక గ్రంథం ప్రకటించాడు. జబ్బు చేసిన కీలుకు విశ్రాంతి కావాలనీ, అది ఎడతెగక, దీర్ఘకాలం, అవసరమైతే నిర్బంధంగానైనా సాగాలనీ ఆయన సిద్ధాంతం. కాలు కదలకుండా పట్టి ఉంచడానికి ఆయన రూపొందించిన ఇనుప చట్రం మొదటి ప్రపంచ యుద్ధంలో తొడ ఎముక విరిగిన సైనికులనెందరినో బ్రతికించింది. ఈనాడు ఆయనను తప్పుపట్టడం సులభం, కాని అన్యాయం. ఆ కాలంలో మోకాలు చెడడానికి ముఖ్య కారణాలలో ఒకటి క్షయ. దానికి మందు లేదు. క్షయ పట్టిన కీలును కదపకుండా ఉంచడమే అప్పటికి చేయగలిగిన మేలు. చిక్కల్లా, ఒక జబ్బుకు చెల్లిన సూత్రాన్ని తరువాతివారు అన్ని కీళ్ళకూ అంటగట్టడంలో వచ్చింది.

అదే కాలంలో పారిస్ నగరంలో ల్యూకా షాంపియోన్యేర్ అనే శస్త్రవైద్యుడు సరిగా దీనికి వ్యతిరేకమైన మాట చెప్పాడు. ఎముక విరిగినచోట కూడ మెల్లగా మర్దనం చేస్తూ, కొద్దికొద్దిగా కదలిస్తూ ఉంటే కీలు బిగుసుకుపోదని ఆయన వాదం. విన్నవారు తక్కువ.

ఇంతలో మోకాలినే మార్చవచ్చునన్న ఊహ వచ్చింది. 1890లో బెర్లినులో థెమిస్టోక్లీస్ గ్లుక్ ఏనుగు దంతంతో తలుపు బందు వంటి కీలు చేయించి, క్షయతో చెడిన మోకాలిలో అమర్చాడు. మొదట బాగానే ఉన్నట్లు కనిపించినా, ఆ కీళ్ళు చీము పట్టి చెడిపోయాయి. పై అధికారులు ఆక్షేపించారు. గ్లుక్ ఆ ప్రయత్నం విరమించవలసి వచ్చింది. క్షయ ఉన్నచోట పరాయి వస్తువు పెట్టడం ఒక లోపం. మోకాలిని తలుపు బందుగా భావించడం రెండవ లోపం. మోకాలు అట్లా పనిచేయదని వెబర్ సోదరులు జర్మనీలో 1836లోనే చూపించారు. వంగేటప్పుడు తొడ ఎముక చివర కాలి ఎముకపై కొంత దొర్లుతుంది, కొంత జారుతుంది. ఈ సంగతి గ్రంథాలలో ఉండగానే 1951లో స్వీడనులో వాల్డియస్, 1954లో ఇంగ్లండులో షియర్స్ మళ్ళీ బందు కీళ్ళే అమర్చారు. ప్రతి మెలికకూ కలిగే ఒత్తిడి ఎముకలో నాటిన కాడపై పడి, కొంత కాలానికి కీలు వదులయ్యేది.

దారి చూపినది తుంటి కీలు. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ 1962 నుండి లోహపు గుండును పాలిథిలీన్ గిన్నెలో ఆడించి, రెండింటినీ ఏక్రిలిక్ సిమెంటుతో ఎముకలో నిలిపి మంచి ఫలితాలు సాధించాడు. అక్కడికి వచ్చిన కెనడా వైద్యుడు ఫ్రాంక్ గన్‌స్టన్ ఆ లోహాన్నీ, ఆ ప్లాస్టిక్కునూ, ఆ సిమెంటునూ 1968లో మోకాలికి వాడి, బందు లేకుండా దొర్లే, జారే కీలు తయారుచేశాడు. 1974లో న్యూయార్కులో జాన్ ఇన్సాల్, చిత్తరంజన్ రణావత్ అనే వైద్యులూ, పీటర్ వాకర్ అనే ఇంజనీరూ కలిసి రూపొందించిన కీలు నేటి మోకాళ్ళకు మూలరూపమనవచ్చు. వీరిలో రణావత్ ఇందూరు వైద్య కళాశాలలో చదివినవాడు. 2000, 2001 సంవత్సరాలలో అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి రెండు మోకాళ్ళనూ బొంబాయిలో మార్చినది ఆయనే. మన దేశంలో ఈ చికిత్స పేరు ఇంటింటికీ తెలియడానికి ఆ వార్తలు చాలా తోడ్పడ్డాయి.

కీలు కుదిరింది. కాని కీలు తనంతట తాను నడవదు గదా! దానిని నడిపేది తొడ ముందుభాగంలోని పెద్ద కండరం. కీలు చెడితే చుట్టూ ఉన్న కండరం కృశించడం 18వ శతాబ్దంలో జాన్ హంటర్ గమనించినదే. కారణానికి 1965లో డి ఆండ్రాడె మొదలైనవారు చేసిన ప్రయోగం మంచి ఆధారమిచ్చింది. ఏ జబ్బూ లేని మోకాలిలోనికి ద్రవం ఎక్కించి ఉబ్బించగానే తొడ కండరం బలంగా ముడుచుకొనడం మానివేసింది. కండరానికి ఏ గాయమూ తగలలేదు; ఉబ్బిన కీలునుండి వెన్నుపామునకు పోయిన నాడీ సంకేతాలే దానిని అణచివేశాయి. శస్త్రచికిత్స జరిగిన మోకాలిలో ఉబ్బు తప్పదు. అందువల్లనే, మొదటి నెలలో ఆ కండరం బలం చికిత్సకు ముందున్న దానిలో సుమారు 60 శాతం తగ్గుతుందని తరువాతి కొలతలు తేల్చాయి. కాలు మాట వినడం లేదని రోగి అంటే అది పిరికితనం కాదు, నిజమే. తొడను బిగించి కొన్ని క్షణాలు పట్టి ఉంచడం, మడమను మంచంమీద నుండి నిటారుగా పైకెత్తడం వంటి చిన్న పనులు ఆ అణగిన కండరాన్ని మేల్కొలపడానికే. మంచు గడ్డల కాపడం కూడ వాపుపై పనిచేసి పరోక్షంగా దానికే సాయపడుతుంది.

మేల్కొన్న కండరానికి బలం కూడ రావాలి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో షికాగోలోని ఒక సైనిక ఆసుపత్రిలో మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులు నెలల తరబడి పడి ఉండేవారు. థామస్ డెలార్మ్ అనే యువ వైద్యుడు వారి పాదాలకు ఇనుప జోళ్ళు తొడిగి, బరువులను క్రమంగా పెంచుతూ మోకాలు చాచమన్నాడు. తేలిక బరువుతో ఎక్కువసార్లు చేయడమే క్షేమమన్నది అప్పటి ఆచారం. ఆయన బరువెక్కించాడు; సైనికులు త్వరగా ఇళ్ళకు వెళ్ళారు. 1945లో ప్రకటించిన ఆ పద్ధతే ఈనాటి వ్యాయామాలకు పునాది.

మంచమే ప్రమాదకరమన్న మాట కూడ ఆ రోజులలోనే గట్టిగా వినవచ్చింది. సిరలలో రక్తం గడ్డకట్టడానికి దాని ప్రవాహం మందగించడం ఒక కారణమని జర్మనీలో విర్షో 1856 నాటికే చెప్పి ఉన్నాడు. 1947లో లండను వైద్యుడు రిచర్డ్ ఆషర్, పడక వల్ల ఒక్కొక్క అవయవానికి కలిగే కీడును వరుసగా చూపుతూ కొంత హాస్యంగానూ, చాలా కటువుగానూ ఒక వ్యాసం వ్రాశాడు. మోకాలు మార్చినవారికి పిక్కలో కట్టిన గడ్డ ఊపిరితిత్తులకు చేరడం నేటికీ ప్రాణాపాయమే. పిక్క హఠాత్తుగా వాచి నొప్పి పెట్టినా, అకస్మాత్తుగా ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి పుట్టినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. పాదాన్ని మాటిమాటికీ పైకీ క్రిందికీ ఆడించమని చెప్పడం పిక్కలో రక్తం నిలిచిపోకుండా ఉండడానికే.

ఇన్ని తెలిసి కూడ 1970లలో కొత్త మోకాలు పొందినవారు రెండు మూడు వారాలు ఆసుపత్రిలో ఉండడం సామాన్యం. అప్పుడొక యంత్రం రంగంలోకి దిగింది. కెనడాలో టొరాంటో నగరంలో రాబర్ట్ సాల్టర్ కుందేళ్ళ మోకాళ్ళపై చేసిన ప్రయోగాలలో, పట్టీ వేసి కదలనీయని వాటికంటె, యంత్రం ఎడతెగక కదలించిన వాటిలో మృదులాస్థి చక్కగా మానింది. థామస్ సిద్ధాంతానికి అది గట్టి దెబ్బ. వెంటనే ఆ యంత్రాలు మనుష్యుల మంచాలకు ఎక్కాయి. రోగి పడుకొని ఉంటే యంత్రమే కాలును వంచి చాచేది. రోగికీ ఇష్టమే, చూసేవారికీ తృప్తి. అయితే అనేక పరీక్షల ఫలితాలను కలిపి 2014లో పరిశీలించినప్పుడు, ఆ యంత్రం వాడినవారి మోకాలు వాడనివారికంటె ఇంచుమించు 2 డిగ్రీలు మాత్రమే ఎక్కువ వంగుతున్నదని తేలింది. కుందేలు మృదులాస్థి మానడం వేరు, మృదులాస్థిని తీసివేసి లోహం తొడిగిన మోకాలు వేరు. పైగా యంత్రం కాలును కదిలిస్తుంది గాని, తొడ కండరం చేత పని చేయించదు.

రోగిని మంచం దింపినది చివరకు నొప్పి నివారణ. డెన్మార్కులో హెన్రిక్ కెలెట్ 1990లలో శస్త్రచికిత్స తరువాతి ఒక్కొక్క ఆచారాన్నీ పట్టి, ఇది ఎందుకు అని ప్రశ్నించాడు. రోగి ఈనాడు ఇంటికి ఎందుకు పోలేడు? నొప్పి వల్లనా, వాంతుల వల్లనా, గొట్టాల వల్లనా, లేక అలవాటు వల్లనా? ఆయన మార్గాన్ని అనుసరించిన చోట్ల ఆసుపత్రి వాసం వారాల నుండి రోజులకు దిగింది. ఆస్ట్రేలియాలో కెర్, కోహన్ అనేవారు మోకాలి చుట్టూ కణజాలంలోనే మత్తుమందు నింపే పద్ధతిని 2008లో ప్రకటించారు. కొద్ది గంటలలోనే రోగి కర్రల సాయంతో లేచి నిలబడగలుగుతున్నాడు. వ్యాయామానికి ముందు నొప్పి మాత్ర వేసుకొమ్మనడంలోని రహస్యం ఇదే. మాత్ర పడుకొనడానికి కాదు, నడవడానికి.

ఇక మిగిలిన ప్రశ్న, ఇల్లు ఆసుపత్రికి సాటి అవుతుందా అన్నది. సిడ్నీలో దీనిని నేరుగా పరీక్షించారు. 165 మందిని చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టును 10 రోజులు పునరావాస ఆసుపత్రిలో ఉంచి, ఆ తరువాత ఇంటి వ్యాయామాలు చేయించారు. రెండవ జట్టును నేరుగా ఇంటికి పంపి, అవే వ్యాయామాలను పర్యవేక్షణలో చేయించారు. 26 వారాల తరువాత 6 నిమిషాలలో ఎంత దూరం నడవగలరో కొలిచారు. రెండు జట్లూ సుమారు 400 మీటర్లే. తేడా మీటరు మాత్రం. 2017లో వెలువడిన ఈ ఫలితంలో గమనించవలసిన మాట, పర్యవేక్షణ. ఇల్లంటే ఊరక ఉండడం కాదు. ఒంటరిగా ఉండేవారికి, ఇతర జబ్బులున్నవారికి ఈ లెక్క అట్లాగే వర్తించదు.

ఇంట్లో జరిగే పొరపాట్లలో పెద్దది ప్రేమతో చేసేది: మోకాలి క్రింద దిండు. వంగి ఉన్న కాలికి హాయిగా ఉంటుంది. అట్లాగే వారాలు గడిస్తే వెనుకనున్న కణజాలం కురుచై, కాలు పూర్తిగా చాచుకొనదు. దిండు పెట్టదలిస్తే మడమ క్రింద పెట్టాలి. చాచడం ఎంత ముఖ్యమో ఇంటివారికి తోచదు; అందరి చూపూ వంగడం మీదనే. వంగడానికీ లెక్కలున్నవి. సమతలంపై నడవడానికి సుమారు 65 డిగ్రీలు, మెట్లకు 90 వరకు, కుర్చీనుండి లేవడానికి 90 పైన కావాలి. గొంతుక కూర్చొనడానికి 130 దాటవలసి ఉంటుంది. పడమటి దేశాలలో పుట్టిన కీలు కుర్చీ మనుష్యులకోసం చేసినది. పీటమీద భోజనం, నేలమీద పూజ, గొంతుక కూర్చొనే మరుగుదొడ్డి దాని లెక్కలో లేవు. 2000 తరువాత ఎక్కువ వంగేలా ప్రత్యేకంగా చేసిన కీళ్ళు అంగడికి వచ్చాయి. పోల్చి చూసిన పరీక్షలలో వాటికీ మామూలు కీళ్ళకూ చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. శస్త్రచికిత్సకు ముందు మోకాలు ఎంత వంగేదో, తరువాత వంగేది చాలావరకు దానినే అనుసరిస్తున్నది.