జైలుకు వెళ్లింది శివరాణీ దేవి

1921 ఫిబ్రవరిలో గోరఖ్‌పూర్‌లో గాంధీజీ ప్రసంగం విన్న ప్రేమ్‌చంద్ ప్రభుత్వోద్యోగాన్ని త్యజించారని హిందీ సాహిత్య చరిత్ర సగర్వంగా చెబుతుంది. ఇరవయ్యేళ్ల కొలువు పోతే ఇల్లు గడిచేదెలాగన్న ప్రశ్న మాత్రం ఆయన భార్య శివరాణీ దేవిది. ఆయన ఆమెనే అడిగారు. అప్పటికి గర్భవతిగా ఉన్న ఆమె ఆలోచించుకుని, వదిలెయ్యమన్నారు.

1924లో 'చాంద్' పత్రికలో వచ్చిన 'సాహస్' కథతో ఆమె రచయిత్రి అయ్యారు. భర్తే రాసిపెడుతున్నారని అన్నవాళ్లూ లేకపోలేదు! 1930 నవంబరులో లక్నోలో విదేశీ వస్త్ర దుకాణాల వద్ద పికెటింగ్ చేసి అరెస్టయ్యారు. స్వరాజ్య పోరాటాన్ని కథలుగా మలచిన భర్త ఇంట్లో పిల్లలతో ఉన్నారు. జైలుకు వెళ్లింది ఆమె.

శివరాణి బాలవితంతువు. 1906లో జరిగిన వారి వివాహాన్ని ప్రేమ్‌చంద్ సంస్కరణాభిలాషకు నిదర్శనంగా చూపుతారు. నిజమే. కానీ ఆయన విడిచిపెట్టిన మొదటి భార్య అప్పటికి బతికే ఉన్నారు. ఆ సంగతి శివరాణికి పెళ్లయ్యాకే తెలిసింది. భర్త మరణించిన ఎనిమిదేళ్లకు, 1944లో వెలువరించిన 'ప్రేమ్‌చంద్ ఘర్ మే' అన్న జ్ఞాపకాల గ్రంథంలో ఆమె దాన్ని దాచలేదు. మొదటి భార్యను తీసుకురమ్మని తాను అడగడాన్నీ, ఆయన ఒప్పుకోకపోవడాన్నీ కూడా రాశారు.