నొప్పి తగ్గించమని అడగడం తప్పు కాదు



మన పండుగల గురించి, పోరాటాల గురించి పెద్దలు ఎప్పుడూ రాస్తూనే ఉంటారు. ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌గా నేను మాత్రం ఎవరూ పెద్దగా రాయని చరిత్ర ఒకటి చెబుతాను. అది పురిటి నొప్పి చరిత్ర.

మా అమ్మమ్మ మంత్రసాని. నొప్పులు పడే మనిషిని ఆమె పడుకోబెట్టేది కాదు, నడిపించేది. నడుముకు ఆముదం రాసి, వేడి గుడ్డతో కాపడం పెట్టేది. దూలానికి కట్టిన తాడు పట్టుకుని గొంతుక్కూర్చోమనేది. చుట్టూ అక్కలు, వదినలు ఉండేవారు. అయితే కాన్పు అడ్డం తిరిగితే ఆమె చేతిలో మందు లేదు. అలా పోయిన తల్లులూ ఉన్నారు.

దూరదేశాల్లో కూడా ఆడవాళ్లకు నొప్పి సులువుగా తగ్గలేదు. 1847లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే డాక్టరు కాన్పులో మొదట ఈథర్, తర్వాత క్లోరోఫాం వాడారు. నొప్పితో కనాలన్నది దేవుడి మాట అని కొందరు, నొప్పి మంచిదేనని కొందరు డాక్టర్లు అడ్డుపడ్డారు. 1853లో విక్టోరియా రాణి తన ఎనిమిదో కాన్పుకు క్లోరోఫాం తీసుకున్నారు. ఆ తర్వాత విమర్శలు మెల్లగా తగ్గాయి.

ఈ కథలో మన హైదరాబాద్ కూడా ఉంది. క్లోరోఫాం ఎంత భద్రమో తేల్చడానికి 1888, 1889లో నిజాం ప్రభుత్వ సాయంతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడ పరీక్షలు జరిపించారు. అక్కడే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ రోగులకు మత్తు ఇచ్చే డాక్టరయ్యారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరు ఆమేనని చాలామంది చెబుతారు. క్లోరోఫాం గుండెకు, కాలేయానికి ప్రమాదమని తేలి తర్వాత వాడకం ఆగిపోయింది.

ఇప్పుడు ఎపిడ్యూరల్ ఉంది. నడుము దగ్గర వెన్నులో సన్నని గొట్టం పెట్టి మందు ఇస్తారు. తల్లి మెలకువగానే ఉంటుంది, నొప్పి బాగా తగ్గుతుంది. దానికి మత్తు డాక్టరు ఉండాలి, బీపీ చూస్తూ ఉండాలి. అందుకే అన్ని ఆసుపత్రుల్లో దొరకదు. దానివల్ల జీవితమంతా నడుం నొప్పి వస్తుందన్న భయం పరిశోధనల్లో నిలవలేదు.

మా హాస్టల్లో చదివిన ఒక అమ్మాయి మొదటి కాన్పులో "నొప్పికి ఏమైనా ఉందా?" అని అడిగిందట. "అందరూ కనలేదా? అరవకు" అని కసిరారట. రెండో కాన్పుకు ఆ మాట గుర్తొచ్చి, నొప్పులు ముదిరేదాకా ఇల్లు కదల్లేదు. వాగు దాటేసరికి రక్తం చాలా పోయింది. తల్లీ బిడ్డా బతికారు, అది అదృష్టం. ఆమెను ఆపింది వాగు కాదు, ఆ మాట.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో, ఆరోగ్యంగా ఉన్న తల్లి కోరితే ఎపిడ్యూరల్ ఇవ్వవచ్చని ఉంది. నడవడం, నడుము మర్దన, వేడి కాపడం, తల్లి కోరుకున్న తోడు కూడా అందులో ఉన్నాయి. మా అమ్మమ్మ చేసినవే కదా! ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఆడ తోడును అనుమతించాలని 2016లోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది.

చెల్లెళ్లారా, నెలల పరీక్షకు వెళ్లినప్పుడే అడగండి: "ఇక్కడ నొప్పికి ఏముంది? నాతో ఎవరు ఉండవచ్చు?" తమ్ముళ్లారా, మీ ఇంటి ఆడవాళ్లు అడగలేకపోతే మీరు అడగండి. మన అవ్వలు ఓర్చుకున్నారు, వేరే దారి లేక. మనకు దారి ఉంది. అడగడానికి సిగ్గుపడవద్దు, ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేయవద్దు.

మన మంత్రసాని అవ్వలందరికీ జోహార్లు.