కొలమానం మారితే మారే చరిత్ర: 18వ శతాబ్దపు ఇంగ్లండు, దక్షిణ భారత శ్రామికుల జీవన ప్రమాణాలు

కీలక పదాలు: జీవన ప్రమాణం, ధాన్య వేతనం, వెండి వేతనం, నేతపనివారు, ఉత్తర సర్కారులు, క్షామం.

ఉపోద్ఘాతం

చైనా, హిందూస్థానాల శ్రామికునికి దక్కే నిత్యావసరాల పరిమాణం ఐరోపాలోని అధిక భాగంలో దక్కే దానికన్నా తక్కువని ఆడమ్ స్మిత్ 1776లో రాశాడు. ఆర్థిక చరిత్ర రచనలో చాలాకాలం ఈ అభిప్రాయమే ప్రధానంగా నిలిచింది. 1998లో ‘పాస్ట్ అండ్ ప్రెజెంట్’ పత్రికలో ప్రసన్నన్ పార్థసారథి ప్రచురించిన వ్యాసం దీనిని సూటిగా ప్రశ్నించింది. 18వ శతాబ్దంలో దక్షిణ భారత నేతపనివారు, నూలు వడికేవారు, వ్యవసాయ కూలీల ఆర్జన బ్రిటన్‌లోని తమ వంటివారి ఆర్జనకు తీసిపోయేది కాదని ఆయన వాదించారు.

ఈ చర్చ కేవలం గణాంకాలకు పరిమితమైనది కాదు. వలసపాలన నాటికే దేశం నిరుపేదదైతే, తరువాతి పేదరికానికి ఆ పాలన బాధ్యత స్వల్పమవుతుంది. అప్పటికి రెండు దేశాల శ్రామికులూ సమస్థాయిలో ఉండి ఉంటే, 19వ శతాబ్దపు దారిద్ర్యానికి కారణాలను ఆ తరువాతి పరిణామాలలోనే వెతకవలసి వస్తుంది. కనుక ఏ కొలమానంతో కొలిచారన్న ప్రశ్న చరిత్రకారులకు అత్యంత కీలకమైనది.

వెండి, ధాన్యం: రెండు కొలతలు

వేతనాలను రెండు విధాలుగా పోల్చవచ్చు. రోజుకూలి ఎంత వెండికి సమానమని చూడడం ఒకటి. ఆ కూలితో ఎంత ధాన్యం కొనవచ్చునని చూడడం మరొకటి. ఇంగ్లండులో కూలి నాలుగు పాళ్ల వెండి, ఇక్కడ ఒక పాలు అనుకుందాం. ఇక్కడి ధాన్యం ధర అక్కడి ధరలో నాలుగో వంతే అయితే, వెండి లెక్కలో మన శ్రామికుడు నాలుగు రెట్లు పేదవాడు. ధాన్యం లెక్కలో ఇద్దరూ సమానులే.

పార్థసారథి వాదానికి ఈ రెండవ కొలతే ఆధారం. వ్యవసాయ ఉత్పాదకత అధికం కావడం వల్ల ఇక్కడ ధాన్యం చవక. అందువల్ల కూలి సొమ్ము తక్కువైనా కడుపు నిండేది. కోరమాండల్ తీరపు వస్త్రాలు ప్రపంచ విపణిలో చవకగా అమ్ముడుపోవడానికి నేతగాని పేదరికం కాక తిండిగింజల చవకదనం కారణమని దీని సారాంశం.

స్టీఫెన్ బ్రాడ్‌బెర్రీ, బిష్ణుప్రియా గుప్తా 2006లో దీనికి ప్రతివాదం చేశారు. ఆసియాలోని సంపన్న ప్రాంతాల ధాన్య వేతనాలు వాయవ్య ఐరోపాతో పోల్చదగినవేనని అంగీకరిస్తూనే, వెండి వేతనాలలోని అంతరం వట్టి ద్రవ్య సంబంధమైనది కాదని, దూర వాణిజ్యంలో చెలామణి అయ్యే సరుకుల ఉత్పాదకతలోని అంతరాన్ని అది సూచిస్తుందని వారు వాదించారు. అయితే వెండికి గల కొనుగోలు శక్తి కూడా చట్టాలకు లోబడినదే. అద్దకపు నూలు వస్త్రాల వాడకాన్ని 1721 నాటి బ్రిటిష్ చట్టం చాలావరకు నిషేధించింది. ఆ ఆంక్షలు 1774లో గాని సడలలేదు. చవకైన భారతీయ వస్త్రాన్ని కొనగల వెండి ఉన్నా, దానిని ధరించే స్వేచ్ఛ ఇంగ్లండు శ్రామికునికి పూర్తిగా లేదు.

ధాన్య వేతనపు చిక్కులు

ధాన్య వేతనం కూడా నిర్దుష్టమైన కొలమానం కాదు. దంపుడులో వడ్ల బరువు దాదాపు మూడో వంతు తరుగుతుంది; ఆధారపత్రంలో పేర్కొన్నది వడ్లా, బియ్యమా అన్నదానిపై ఫలితం మారిపోతుంది. శ్రామిక కుటుంబాలు చాలాచోట్ల జొన్న, రాగి వంటి మెట్టధాన్యాలు తినేవి. వరి ధరతో లెక్కిస్తే వారి కొనుగోలు శక్తి తగ్గినట్లు కనిపిస్తుంది. పుట్టి, తూము, కుంచం కొలతలు, వరహా, రూకల మారకం ప్రాంతాన్నిబట్టి మారేవి.

ఈ లోపాలను కొంత సవరించడానికి రాబర్ట్ అలెన్ ధాన్యంతోపాటు పప్పు, నూనె లేదా నెయ్యి, బట్ట, వంటచెరకు చేర్చిన జీవనాధార సరుకుల జాబితాను రూపొందించారు. కాని ఆ పద్ధతి ఏడాదికి 250 పనిదినాలన్న ఊహపై ఆధారపడింది. వానలపై ఆధారపడిన సేద్యంలో కూలీకి అన్ని రోజులు పని దొరికేదా అన్నది వేతనపట్టికలు చెప్పని విషయం.

భద్రత: లెక్కకు రాని ప్రమాణం

వెండి, ధాన్యం రెండూ సాధారణ సంవత్సరపు రోజుకూలినే కొలుస్తాయి. చెడ్డ సంవత్సరంలో శ్రామికునికి ఏది అండ అన్న ప్రశ్న వాటి పరిధిలోనిది కాదు. ఇంగ్లండులో 1601 నాటి పేదల చట్టం ప్రతి పారిష్‌పై పన్ను ద్వారా నిరుపేదలను పోషించే బాధ్యత మోపింది. 1623 నాటి వాయవ్య ప్రాంత క్షామం తరువాత అక్కడ పెద్ద క్షామం రాలేదు. ఉత్తర సర్కారులను మాత్రం 1790-92లోను, గుంటూరు సీమను 1832-33లోను ఘోర క్షామాలు కబళించాయి. ధాన్యం రూపంలో కూలి పుచ్చుకునే పాలేరుకు ధరల పెరుగుదల నుండి కొంత రక్షణ ఉండేది. సొమ్ముకు నేసే నేతగానికి అదీ లేదు. గింజల ధర పెరిగిన కొద్దీ అతని ధాన్య వేతనం కరిగిపోయేది. అదే సమయంలో బట్ట కొనేవారూ తగ్గేవారు.

అయితే దక్షిణ భారత నేతగానికి మరొక విధమైన భద్రత ఉండేది. వర్తకుని వద్ద పుచ్చుకున్న బయానాను తిరిగి చెల్లించి ఒప్పందాన్ని ఎప్పుడైనా రద్దు చేసుకునే హక్కు అతనికి ఉండేదని, వర్తకునికి అటువంటి హక్కు లేదని పార్థసారథి చూపారు. ఒక చోట ఒత్తిడి పెరిగితే వలసపోవడం మరొక మార్గం. 1765 తరువాత సర్కారులు కంపెనీ వశమయ్యాయి. శతాబ్దపు చివరి దశాబ్దాలలో కంపెనీ తన రాజకీయాధికారంతో నేతగాని బేరమాడే శక్తిని అణచివేసింది. 1798లో గోదావరి ప్రాంత నేతపనివారు జరిపిన నిరసనల నేపథ్యం ఇదే. ఉత్తర కోరమాండల్ నేతపనివారి ప్రపంచంపై పి. స్వర్ణలత చేసిన పరిశోధన ఈ పరిణామాన్ని వారి అర్జీల ద్వారా వివరిస్తుంది.

ముగింపు

రెండు దేశాల జీవన ప్రమాణాలు సమానమా, అసమానమా అన్న ప్రశ్నకు వెండి ఒక సమాధానాన్ని, ధాన్యం మరొక సమాధానాన్ని ఇస్తాయి. రెండూ అసత్యాలు కావు. ఒకటి విపణిలో శ్రమకున్న విలువను, మరొకటి పళ్లెంలోని తిండిని కొలుస్తుంది. భద్రతను మూడవ కొలతగా చేర్చినప్పుడు చిత్రం మరింత సంక్లిష్టమవుతుంది. ఇంగ్లండు శ్రామికునికి చట్టబద్ధమైన సాయం ఉండేది. దక్షిణ భారత నేతగానికి బేరమాడే బలం ఉండేది, క్షామం నుండి రక్షణ ఉండేది కాదు. ఆ బేరబలం తరిగిన సంవత్సరంలో అతని రోజుకూలి వెంటనే తగ్గకపోయి ఉండవచ్చు. అంటే పతనం వేతనపట్టికలో కనిపించడానికి ముందే మొదలై ఉండగలదు. వేతనపట్టికలతోపాటు ఒప్పందపత్రాలను, అర్జీలను, క్షామ నివేదికలను కలిపి చదివినప్పుడే ఈ తులనాత్మక అధ్యయనం సమగ్రమవుతుంది.