ఫెండర్ ప్రెసిషన్ బేస్

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ రూపొందించి 1951లో అమ్మకానికి తెచ్చిన నాలుగు తీగల ఎలక్ట్రిక్ బేస్ గిటారు. అంతవరకు డాన్స్ బ్యాండ్లలో మంద్రస్వరాలకు నిలువెత్తు డబుల్ బేసే దిక్కు. దాన్ని మోసుకు తిరగడం కష్టం, ట్రంపెట్ల హోరులో వినపడడమూ కష్టమే. ఫెండర్ బేస్‌ను భుజానికి తగిలించుకోవచ్చు. మెడ మీద లోహపు మెట్లు ఉండడంతో స్వరం కచ్చితంగా పలికేది. ‘ప్రెసిషన్’ అన్న పేరు అందుకే. లయొనెల్ హాంప్టన్ బృందంలో మాంక్ మాంట్‌గోమరీ తొలినాళ్లలోనే దీన్ని వేదికలెక్కించాడు. 1957లో తీగల కంపనాన్ని అందుకునే పికప్‌ను రెండు ముక్కలుగా మార్చారు.

దీని అసలు సత్తా తెలియాలంటే డెట్రాయిట్ మోటౌన్ సంస్థ 1960ల పాటలు వినాలి. వాటిలో చాలావాటికి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు. తీగలు ఆనే బ్రిడ్జి మీది మూత కింద ఉన్న స్పాంజి తీగలను అదిమి పట్టడంతో ప్రతి స్వరం గుండ్రంగా మోగి చప్పున ఆగిపోయేది. పాట కింద మరో పాట నడిపిన వాద్యకారుడాయన. అయినా మోటౌన్ రికార్డుల మీద ఏళ్ల తరబడి ఆయన పేరు వేయలేదు. ఆ అన్యాయం మార్విన్ గే 1971 ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’తో గాని తీరలేదు.