అజ్మలీన్: ఒక వేరు, అనేక విద్యలు

ఢిల్లీ కరోల్‌బాగ్‌లోని ఆయుర్వేద, యునానీ తిబ్బియా కళాశాలను 1921 ఫిబ్రవరిలో గాంధీజీ ప్రారంభించారు. దాని స్థాపకులు హకీం అజ్మల్ ఖాన్ గారు. తరతరాలుగా హకీములైన వంశం వారిది. అయినా పెద్దల నాటి మందు గనుక దానికి పరీక్ష అక్కరలేదనే వాదం వారికి సమ్మతం కాలేదు. యునానీ ఔషధాలను రసాయనశాలలో శోధింపజేయాలని సంకల్పించి, 1927లో జర్మనీలో డాక్టరేటు పొంది వచ్చిన సలీముజ్జమాన్ సిద్దీఖీ గారికి ఆ పని అప్పగించారు. ఆ ఏడాది డిసెంబరులోనే హకీం గారు పరమపదించారు. ఫలితం చూసే భాగ్యం వారికి లేకపోయింది.

సర్పగంధి వేరును ఉత్తరదేశంలో జనం ‘పాగల్ కీ దవా’ అనేవారు. అంటే పిచ్చికి మందు. సిద్దీఖీ గారు, వారి సహచరుడు రఫత్ హుస్సేన్ సిద్దీఖీ కలిసి ఆ వేరు నుండి కొన్ని ఆల్కలాయిడ్లను స్ఫటికాలుగా వేరుచేసి 1931లో ప్రకటించారు. వాటిలో ఒకదానికి హకీం గారి స్మృత్యర్థం ‘అజ్మలీన్’ అని పేరు పెట్టారు. అదే సంవత్సరం కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు ఈ వేరు రక్తపోటును తగ్గిస్తుందనీ, ఉన్మాదులను శాంతింపజేస్తుందనీ వ్రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల అనుభవాన్ని బ్రిటిష్ హృద్రోగ పత్రికలో ప్రచురించాక పాశ్చాత్యుల దృష్టి దీనిపై పడింది.

అయితే శాంతింపజేసే ఆ ప్రధాన ద్రవ్యం ఢిల్లీ స్ఫటికాలలో లేదు. దానిని 1952లో స్విట్జర్లాండు బాసెల్ నగరంలో సీబా కంపెనీవారు కనుగొని ‘రెసర్పిన్’ అన్నారు. అక్కడ ముల్లర్, ష్లిట్లర్ అనే రసాయనవేత్తలతో పాటు బైన్ అనే ఔషధ శాస్త్రజ్ఞుడు పనిచేశాడు. రసాయనజ్ఞులు వేరుచేసిన భాగాలను అతడు జంతువులపై పరీక్షించేవాడు; ఏ భాగంలో గుణం కనబడితే దానినే వారు మరింత శుద్ధి చేసేవారు. మన దేశంలోనూ ఈ విద్యలన్నీ ఉన్నాయి. కాని ఒకటి ఢిల్లీలో, ఒకటి కలకత్తాలో, మరొకటి బొంబాయిలో ఉన్నాయి. పరాయివారు మన మందును కాజేశారని కొందరంటారు. హకీములకు అంతా ముందే తెలుసునని మరికొందరంటారు. రెండూ సులువైన మాటలే. వేరు గుణం హకీముకు తెలుసు, అందులో పనిచేసేదేమిటో తెలియదు. స్ఫటికాన్ని తీయడం రసాయనజ్ఞుడికి తెలుసు, అది శరీరంలో ఏం చేస్తుందో తెలియదు.

రెసర్పిన్ కొంతకాలం వెలిగింది. కొందరు రోగులలో తీవ్రమైన దిగులు కనిపించడం, తర్వాత మెరుగైన మందులు రావడంతో దాని వాడకం బాగా తగ్గింది. అజ్మలీన్‌కు మాత్రం ఎవరూ ఊహించని మరో ఉపయోగం దొరికింది. అది గుండె కణాలలోకి సోడియం ప్రవేశాన్ని అడ్డుకుంటుంది. పైకి ఆరోగ్యంగా కనిపించేవారు హఠాత్తుగా మరణించడానికి కారణమయ్యే ఒక గుండె వ్యాధిని 1992లో బ్రుగాడా సోదరులు వర్ణించారు. ఇ.సి.జి.లో దాని గుర్తు తరచు కనబడదు. అనుమానమున్న రోగికి, గుండె లయ తప్పితే సరిచేసే సాధనాలను సిద్ధంగా ఉంచుకుని, నరం ద్వారా అజ్మలీన్ ఎక్కిస్తే దాగిన గుర్తు కొద్ది నిమిషాలలో బయటపడుతుంది. ఐరోపా ఆసుపత్రులలో దీనిని నేటికీ ‘అజ్మలీన్ పరీక్ష’ అనే పిలుస్తున్నారు.